పెత్రమాస లోపు ఇల్లంతా దులపాలి: షాబాదు బండలు, బోరు నీళ్ల మరకలు, ఎక్కడ మొదలుపెట్టాలి?

పానగల్లు కోడలు (నల్లగొండ)
అందరికీ నమస్కారం. ఈసారి బతుకమ్మకు మా ఆడపడుచులిద్దరూ పిల్లలతో వస్తున్నారు. ఎంగిలిపూల నాటికి ఇల్లు శుభ్రంగా ఉండాలని అత్తయ్య పట్టుదల. ఇల్లు పాతది. ముందు రెండు గదులకు షాబాదు బండలు, గోడలకు సున్నం. తర్వాత కట్టిన వంటగదికి, స్నానాల గదికి టైల్స్. వాడకానికంతా బోరు నీళ్లే. కుళాయిల మీద, బకెట్ల అంచుల మీద, స్నానాల గది గోడల మీద సుద్ద పూసినట్టు తెల్లటి పొర. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు ఏ రంగువో మరిచిపోయాం. అటక మీద ఏముందో దేవుడికే తెలియాలి.

అత్తయ్య మోకాళ్ల నొప్పుల వల్ల స్టూలు ఎక్కలేరు. నాకు ఉద్యోగం. హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే యాసిడ్ సీసా చేతిలో పెట్టి "అన్నిటికీ ఇదే" అన్నారు. ఇంకా మూత తీయలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ మామయ్య
అమ్మా, మొదటి సూత్రం పైనుంచి కిందికి. రెండోది, పొడి పని అయ్యాకే తడి పని. ముందే నేల కడిగి తర్వాత ఫ్యాను తుడిస్తే చేసిందే మళ్లీ చేయాలి. మాది మిల్లుల ఊరు. గాలి ఇటు తిరిగితే ఊక బూడిద కిటికీ జాలీల్లో నల్లగా పేరుకుంటుంది. దాని మీద తడిగుడ్డ పెట్టామా, మసి బురదై గోడంతా పాకుతుంది. ముందు పొడి కుంచెతో దులిపి, ఆ తర్వాతే నీళ్లు.

ఫ్యానుకు పాత దిండు గలీబు చాలు. రెక్కకు సంచిలా తొడిగి, బిగించి వెనక్కి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద పడదు. మెయిన్ స్విచ్ ఆపిన తర్వాతే స్టూలు ఎక్కండి. మూతికి గుడ్డ తప్పనిసరి. ఆయాసం ఉన్నవాళ్లను ఆ పూట ఇంకొకరి ఇంట్లో కూర్చోబెట్టండి.

జడ్చర్ల బాబాయ్
ఇంత ఆలోచన ఎందుకు తల్లీ? యాసిడ్ నీళ్లలో కలుపు, చీపురుతో రుద్దు, కడిగెయ్. ముప్పయ్యేళ్లుగా మా ఇంట్లో ఇదే పద్ధతి. పండుగ ముందు రోజు ఒక్క పూటలో తెల్లగా అయిపోతుంది.

దేవరకొండ సారు
బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే అడ్డం పడుతున్నాను. పానగల్లు కోడలు గారూ, ఆ సీసా మూత తీయకండి. కనీసం ముందు గదుల్లోకి తీసుకెళ్లకండి.

పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే పని కాబట్టి కొంచెం పాఠంలా ఉంటుంది, ఓపిక పట్టండి. బోరు నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. నీళ్లు ఆరినా, కాగినా అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి, కరగని కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. మీ కుళాయిల మీది తెల్లటి పొర ప్రధానంగా అదే. గీజరు కడ్డీ మీద మరీ మందంగా పట్టేదీ అందుకే.

షాబాదు బండ అంటే సున్నపురాయి. తాండూరు బండా అంతే. అంటే అవి కూడా చాలావరకు కాల్షియం కార్బొనేటే. గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని చివరికి అయ్యేది కూడా అదే. దుకాణంలో ఇచ్చింది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయి ఉంటుంది. దానికి మీ మరక ఏదో, మీ నేల ఏదో, మీ గోడ ఏదో తెలియదు. మూడింటినీ ఒకేలా తింటుంది. బండ మీద బుసబుస పొంగుతుంటే మురికి వదులుతోందని మురిసిపోతాం. వదిలేది బండ పైపొర. ఆరాక మెరుపు పోతుంది, చేతికి గరుకు తగులుతుంది, ఆ గరుకులో మురికి ఇంకా త్వరగా దిగుతుంది. మరుసటి ఏడు మళ్లీ యాసిడ్. మొజాయిక్, పాలరాయి, టైల్స్ మధ్య సిమెంటు గీతలు కూడా ఈ జాబితాలోవే.

మీ నేల ఏ రాయో తెలియకపోతే, బీరువా కింద కనిపించని మూలలో ఒక్క నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నని బుడగలు లేచినా, తుడిచాక అక్కడ మసకగా కనిపించినా అది సున్నపురాయే. దానికి పులుపు తగలకూడదు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెలు తోమే సబ్బు, మెత్తని బ్రష్షు, ఆ తర్వాత రెండుసార్లు మంచినీళ్లు. అంతే.

జడ్చర్ల బాబాయ్
సారూ, మరి టాయిలెట్ సంగతేమిటి? అక్కడ కూడా సబ్బు నీళ్లేనా? మా బండలు ముప్పయ్యేళ్లలో కరిగి మాయమైపోలేదు.

దేవరకొండ సారు
మాయం కావు బాబాయ్ గారూ, గరుకవుతాయి. మీ గడప దగ్గర తొక్కని చోట, బాగా కడిగే చోట వేలితో రాసి మీరే తేడా చూడండి.

టాయిలెట్ గిన్నె పింగాణీ. దానికి యాసిడ్‌తో చేసిన ద్రావణం వాడవచ్చు, చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేదీ అదే. ప్రమాదం వేరేచోట ఉంది. యాసిడ్ పోసిన చోట ఇంకా తెల్లబడాలని బ్లీచింగ్ పౌడరు చల్లేవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న గదిలో ఊపిరితిత్తులకు అది విషం. ఒకటి వాడిన రోజున రెండోది వద్దు. ఒకే బకెట్టు, ఒకే బ్రష్షు కూడా వద్దు. ఎప్పుడైనా ఘాటు తగిలితే "ఇంకో రెండు నిమిషాలు ఆగి కడిగేద్దాం" అనుకోకుండా బయటికి వచ్చేయాలి.

నకిరేకల్ నిమ్మతోట
కుళాయిల సంగతి నాకు వదిలేయండి. నిమ్మకాయలు మా ఊరివే అయినా ఈ పనికి కాయలు దండగ. కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) దొరుకుతుంది, చవక. చెంబెడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కరిగించి, పాత బనియను గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట వదిలేయండి. ఆ తర్వాత పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే పొర పెచ్చులుగా లేస్తుంది. వెంటనే కడగాలి. రాత్రంతా ఉంచితే కుళాయి పైపూత దెబ్బతింటుంది.

ఎక్కువమంది చూడనిది కుళాయి మూతి. వంటగది కుళాయి చివర చిన్న జాలీ మర ఉంటుంది, చేత్తో తిప్పితే వస్తుంది. బిగిసి ఉంటే గుడ్డ చుట్టి తిప్పండి. లోపల బియ్యపు నూకలంత తెల్లటి పలుకులు, ఇసుక రేణువులు జాలీ కన్నాలను మూసేసి ఉంటాయి. ధార వంకరగా పడుతోందంటే కారణం అదే. జాలీని నిమ్మ ఉప్పు నీళ్ల గిన్నెలో వేయగానే చుట్టూ సన్నగా బుడగలు లేస్తాయి. అవి ఆగిపోయాక తీసి, సూదితో కన్నాలు పొడిచి మళ్లీ బిగించండి. షవరు ఊడి రాకపోతే అదే నీళ్లు ప్లాస్టిక్ సంచిలో పోసి, షవరు తల మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి.

సారు చెప్పినట్టు ఈ నీళ్లు షాబాదు బండ మీద ఒలకకుండా చూసుకోండి. స్నానాల గది నేల టైల్స్ అన్నారు కాబట్టి ఫరవాలేదు, కడిగితే చాలు.

మునుగోడు ముచ్చట
ఒక అనుమానం. మా దగ్గర తెల్ల మరక కనిపిస్తే చాలు "ఇదే ఫ్లోరైడ్" అంటారు. కుళాయికి అంత పట్టిందంటే మన ఎముకలకు ఎంత పడుతుందో అని మా అమ్మ భయం. ఆ నీళ్లతో ఇల్లు తుడిచినా ప్రమాదమేనా?

దేవరకొండ సారు
మన జిల్లాలో ఆ భయం ఊరికే రాలేదు, అమ్మగారిని తప్పు పట్టలేం. అయితే ఆ పొర నీటి కాఠిన్యానికి గుర్తు. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, రుచికి తెలియదు. మరక మందాన్ని బట్టి దాన్ని అంచనా వేయలేం. పొర బాగా పట్టే నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువగా ఉండవచ్చు, అసలు పట్టని నీళ్లలో ఎక్కువ ఉండవచ్చు. తెలియాలంటే పరీక్ష చేయించాల్సిందే. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. సమస్య తాగే నీళ్లతో, వంట నీళ్లతో. నేల తుడిస్తే, బట్టలు ఉతికితే ఏమీ కాదు.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై మిగిలినవి ఇంకా చిక్కబడతాయి. పటిక, సున్నం కలిపి కలియబెట్టి, తేరిన నీళ్లు తీసుకునే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు 'నల్లగొండ పద్ధతి'. మన ఊరి పేరు ఇలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఇంట్లో కొలత లేకుండా చేసే పని కాదు. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ పథకం కుళాయి నీళ్లు వాడుకుని బోరు నీళ్లను కడగడానికి ఉంచుకోండి.

పాలమూరు పొయ్యి
వంటగదికి వస్తున్నాను, అసలు యుద్ధం ఇక్కడే. ఎగ్జాస్ట్ ఫ్యాను జిడ్డుకు పులుపు పనికిరాదు. నూనెను విడదీసేది క్షారం. చాకలి సోడా వేడినీళ్లలో కరిగించి, ప్లగ్గు తీసి విప్పిన రెక్కలను నానబెట్టండి. మోటారుకు నీళ్లు తగలకూడదు, దాన్ని సబ్బు గుడ్డతో తుడవడమే. అరగంటకు జిడ్డు జావలా జారుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, లేకపోతే చర్మం పొట్టు లేస్తుంది.

అయితే సోడా అల్యూమినియానికి శత్రువు. కొన్ని చిమ్నీల జాలీలు, కొన్ని ఫ్యాను రెక్కలు అల్యూమినియంవి. వేడి సోడా నీళ్లలో వేస్తే నల్లబడి మచ్చలు పడతాయి, మళ్లీ రావు. స్టీలుకు ఏమీ కాదు. తేలిగ్గా, మెత్తగా వంగేలా ఉంటే అల్యూమినియమే అనుకుని గిన్నెలు తోమే సబ్బుతోనే సరిపెట్టుకోండి.

ఇంకొకటి చెప్పకపోతే నిద్రపట్టదు. వంటసోడా చల్లి దాని మీద వెనిగర్ పోసే వీడియోలు అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. బుస్సుమని పొంగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఏదో ఒకటి వాడండి.

కోస్గి చెల్లెలు
అందరూ ఏది దేనితో రుద్దాలో చెబుతున్నారు, ఎవరు రుద్దాలో ఒక్కరూ చెప్పలేదు. పానగల్లు అక్క ఉద్యోగం చేసి వచ్చి, రాత్రుళ్లు ఈ పనంతా చేయాలా? ఇంట్లో బావగారు లేరా? మా ఇంట్లో పండుగకు ముందు ఆడవాళ్ల నడుములు విరుగుతాయి. మగవాళ్లు మాత్రం పేపరు పట్టుకుని కాళ్లు పైకెత్తి "ఇక్కడ కూడా తుడువు" అంటారు.

జడ్చర్ల బాబాయ్
ఆ మాట నాకే తగిలినట్టుంది. అయినా ఇప్పుడు కంపెనీలున్నాయిగా, ఫోను చేస్తే యంత్రాలతో వచ్చి చదరపు అడుగుల లెక్కన కడిగి వెళతారు.

కోస్గి చెల్లెలు
వస్తారు బాబాయ్. వాళ్లకు మీ బండ షాబాదో గ్రానైటో తెలుసా? సారు చెప్పిన మాట ముందే చెప్పి, ఏ ద్రావణం తెచ్చారో సీసా చూసి, మూలన ఒకసారి రుద్దించి చూశాకే గదిలోకి రానివ్వాలి. దానికి ఇంట్లో ఒకరు ఉండాలి. ఆ ఒకరు మీరు కావచ్చు.

రోజూ వచ్చే పనిమనిషితో చేయించుకునేవాళ్లు కూడా వినండి. ఇది రోజువారీ పని కాదు. విడిగా కూలి మాట్లాడుకోవాలి. తొడుగులు, మూతిగుడ్డ మనమే ఇవ్వాలి. సజ్జ మీదికి ఆమెను ఎక్కించి కింద మనం ఫోను చూసుకుంటూ నిలబడితే ఎలా? స్టూలు పట్టుకోండి.

పానగల్లు కోడలు
చెల్లీ, నీ మాటలు ఇంట్లో చదివి వినిపించాను. ఆయన అటక, ఫ్యాన్లు, పైట్యాంకు తన వంతు అన్నారు. చూద్దాం. ట్యాంకు ఎలా కడగాలో కూడా చెప్పండి, మాట మీద ఉన్నప్పుడే పని చెప్పాలి.

మిర్యాలగూడ మామయ్య
ట్యాంకు ఖాళీ చేసి అడుగున బురదను గుడ్డతో ఎత్తాలి. పైపులోకి వదిలితే కుళాయిలన్నీ మూసుకుపోతాయి. గోడలు బ్రష్షుతో రుద్ది కడిగాక నీళ్లు నింపి బ్లీచింగ్ కలపండి. కొత్తగా తెరిచిన, ఘాటు తగ్గని పౌడరైతే 1000 లీటర్లకు 150 గ్రాములు. బకెట్టులో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. కొన్ని గంటలు ఉంచి, ఆ నీళ్లన్నీ వదిలేసి, మళ్లీ నింపి వాడుకోవాలి. ఆ నీళ్లు తాగేవి కావని ఇంట్లో అందరికీ చెప్పండి. ముందు మురికి తీయకుండా బ్లీచింగ్ పోస్తే దాని బలమంతా మురికితోనే సరిపోతుంది.

భూమిలోని సంపు జోలికి మాత్రం ఆయన్ను ఒంటరిగా దించకండి. మూతపెట్టిన గుంతలో ఊపిరాడకపోవచ్చు. మూత చాలాసేపు తెరిచి ఉంచాలి, మోటారు ప్లగ్గు తీయాలి, పైన ఒక మనిషి నిలబడి మాట్లాడుతూ ఉండాలి. ఆ మనిషి కూడా కంగారుపడి దూకకూడదు. ఇవన్నీ కుదరకపోతే తెలిసినవాళ్లను పిలిపించండి.

ఆత్మకూరు ఆశ
దోమల పని చూసేదాన్ని, ఒక్క మాట. ఎండాకాలం కూలరు మూలకు నెట్టేసి ఉంటారు కదా. నీళ్లు పారబోశాం కాబట్టి అయిపోయింది అనుకోవద్దు. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకు, నీటి మట్టానికి కొంచెం పైన అతుక్కుంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. గరుకు బ్రష్షుతో గోడలు రుద్ది, ఆరబెట్టి, బోర్లించి దాచాలి. ఫ్రిజ్ వెనుక కింద చిన్న పళ్లెం ఉంటుంది, దాన్ని చాలామంది చూడనే చూడరు. మేడ మీది పాత టైర్లు, పగిలిన కుండీలు కూడా ఈ విడతలోనే పోవాలి.

గద్వాల చీరల పెట్టె
బీరువా మాట ఎవరూ ఎత్తలేదు. పండుగకు ఎలాగూ చీరలు బయటికి తీస్తారు. అన్నీ తీసి నీడలో గాలి తగిలేలా ఆరవేయండి, ఎండలో వద్దు. మడతలు మార్చి పెట్టండి. ఒకే మడత ఏళ్ల తరబడి ఉంటే అక్కడే చిరుగుతుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండింటినీ కలిపే కుట్టు దగ్గర లాగకండి. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలకూడదు. ఉతికిన పాత పంచెలో చుట్టి, ఎండిన వేపాకు చిన్న గుడ్డలో మూటగట్టి మూలన పెట్టండి.

అటక మీద గొంగడి ఉంటే వేడినీళ్లలో ముంచవద్దు, ముడుచుకుపోతుంది. నేతలో ఉన్ని దారానికి చింతగింజల గంజి పెడతారు, నానబెడితే ఆ బిగువూ పోతుంది. ఎండలో పరిచి కర్రతో కొట్టి, మడతల్లో పురుగు తిన్న కన్నాలున్నాయేమో వెలుతురుకు ఎత్తి చూడండి.

కల్వకుర్తి కలప
పాత ఇల్లు అన్నారు కాబట్టి దూలాలు, ద్వారబంధాలు కూడా చూసుకోండి. గోడ మీద సన్నని మట్టి గీత పాకి ఉంటే అది బూజు కాదు, చెదల దారి. చీపురుతో దులిపేస్తే ఆనవాలు పోతుంది కానీ చెదలు పోవు. అది ఎక్కడ నుంచి మొదలైందో కిందిదాకా వెతికాకే దులపండి. కర్రను వేలితో తట్టితే డొల్ల మోత వచ్చినచోట లోపల తినేసినట్టే.

పానగల్లు కోడలు
చాలా ఉపయోగపడ్డాయి. కుళాయిలకు నిమ్మ ఉప్పు పట్టు వేశాను, వంటగది కుళాయి ధార తిన్నగా వస్తోంది. బండలు సబ్బు నీళ్లతో కడిగాం. ఒకటే మిగిలింది. దేవుడి గూటి ముందు దీపపు నూనె ఒలికి షాబాదు బండలోకి ఇంకిపోయింది. అరచేయంత నల్లటి మరక, ఎంత రుద్దినా కదలడం లేదు. అత్తయ్య దాని మీద ముగ్గు వేసి కప్పేద్దాం అంటున్నారు.

దేవరకొండ సారు
రుద్దితే రాదు, నూనె రాయి లోపల ఉంది. పైకి పీల్చాలి. సుద్దపొడి గాని గోధుమపిండి గాని తీసుకుని, కొంచెం చాకలి సోడా, నీళ్లు కలిపి చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా చేయండి. మరక మీద వేలి మందాన, అంచులు దాటేలా పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి చుట్టూ టేపు అంటించండి. మరుసటి రోజు కాగితం తీసి ఎండనివ్వండి. ఎండుతూ నూనెను లాక్కుంటుంది. చెక్క గరిటెతో గీరి, తడిగుడ్డతో తుడిచి చూడండి. మరక పలచబడితే మళ్లీ అదే. పిండికి చీమలు వస్తాయి, కాబట్టి సుద్ద దొరికితే సుద్దే మేలు.

జడ్చర్ల బాబాయ్
సారూ, మా వాకిట్లో స్కూటరు కింద ఇంజన్ ఆయిలు మరక ఉంది, సిమెంటు నేల. ఈ పట్టు దానికి పనిచేస్తుందా? యాసిడ్ పోయను, మాటిస్తున్నాను.

దేవరకొండ సారు
పనిచేస్తుంది బాబాయ్ గారూ, పాత మరకైతే రెండు మూడు విడతలు పడుతుంది. ముందు స్కూటరు కారడం ఆపించండి.